ఊంగి వాళ్ళ ఉగాది

మా అత్తమ్మ సోమక్కకు కోయ భాష బాగా వచ్చునని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకంటే ఆ మాట ఆమే చెప్పేది. తాడ్వాయి అడవి అంచున ఉన్న మా ఊళ్ళో సగం ఇళ్ళల్లో తెలుగు, సగం ఇళ్ళల్లో కోయ. కిరాణా దుకాణం దగ్గర రెండూ కలిసిపోయి మూడోదేదో వినిపిస్తుంది. స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు కూతలు వింటూ పెరిగిన నాకు పెళ్ళయి వచ్చిన కొత్తలో అంతా అయోమయంగా ఉండేది. ఎవరైనా కోయలో పలకరిస్తే నవ్వేసేదాన్ని. ఒకసారి ఎవరో ముసలాయన పోయాడన్న కబురుకు కూడా నవ్వానట. అప్పటినుంచి అత్తమ్మ నన్ను వెనక్కి నెట్టి తనే మాట్లాడేది.

"నువ్వు గమ్మునుండు బిడ్డా. నాకస్తది గదా" అనేది.

నేను గమ్మునే ఉండేదాన్ని. చెప్పొద్దూ, అది నాకూ సుఖంగానే ఉండేది.

ఇప్పుడు చెప్పబోయేది ఒక మిర్చి కాలం సంగతి. జాతర లేని ఏడాది అది. మేడారం రోడ్డు మీద బండ్ల రద్దీ లేదు, మా ఇంటి ముందు దుమ్ము కూడా తన పాటికి తాను పడుకుని ఉంది. మూడెకరాల్లో మిర్చి వేశాం. అంతకు ముందు ఏడాది పంటను తామర పురుగు తినేసింది. ఆ ముందటి ఏడాది కల్లంలో ఎండబోసిన కాయ అకాల వానకు తడిసి తాలైపోయింది, ఎర్రగా ఉండాల్సిన కాయ బూడిద రంగుకు తిరిగి ఎవరూ అడగని సరుకైంది. మా ఆయన సుదర్శన్ నారు పోసేటప్పుడే చెప్పేశాడు.

"ఈసారి గూడ చేతికి రాకుంటె ఇగ నాతోని కాదు యమునా. భూమి కిషన్ రావు సారుకు కౌలుకిచ్చి ఘన్‌పూర్ పోదాం. మీ బాపు దుకాణంల కూసుంట."

ఆ మాట అనేటప్పుడు అతను నా ముఖం చూడలేదు, నేనూ అతని ముఖం చూడలేదు. మా నాన్నకు ఉప్పూ పప్పూ అమ్మే కొట్టు ఉంది, వెనక రెండు గదులున్నాయి, అల్లుడు వస్తానంటే కాదనే మనిషి కూడా కాదు. కానీ పుట్టింటికి పండుగకు వెళ్ళడం వేరు, మూటాముల్లె సర్దుకుని వెళ్ళడం వేరు. సుదర్శన్ ఆ గల్లాపెట్టె వెనక కూర్చుని, వచ్చినవాళ్ళకు కారప్పొడి పొట్లం కట్టి ఇస్తున్నట్టు ఊహించుకోవడానికే నాకు మనసొప్పేది కాదు. ఆ ఏడు మిర్చి మొక్క మొక్కనూ నేను పిల్లల్ని చూసుకున్నట్టు చూసుకున్నాను.

శివరాత్రి దాటాక ఒకరోజు మధ్యాహ్నం గాలి దుమారం లేచింది. చేను చివర వాగు ఒడ్డున మాకో మామిడిచెట్టుంది. గాలికి పిందెలు టపటపా రాలాయి. చేనంతా తిరిగి కాయ ఎంత పండిందో చూసి వస్తున్న నేను ఒక పిందె ఏరి, కొంగుకు తుడిచి నోటిదాకా తెచ్చాను. నోట్లో అప్పటికే నీళ్ళూరాయి. వెనక నుంచి అత్తమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఒక్కొక్క వేలే విప్పి పిందె తీసేసుకుంది.

"ఉగాది రాకముందే నోట్లె పెడ్తవా? దేవునికి పెట్టకముందే?"

"పిందెనే గదత్తమ్మా."

"పిందె అయితేంది. కొత్తది కొత్తదే."

అంటూ తన కొంగుతో నా అరచేయి తుడిచింది, దానికేదో అంటుకున్నట్టు. పిందెను పారేయలేదు. చెట్టు మొదట్లో పెట్టి, దాని వైపు ఒకసారి చూసి, ఇంటి దారి పట్టింది. ఘన్‌పూర్‌లో మేమూ ఉగాదికి పచ్చడి చేస్తాం గానీ, పిందెల దగ్గర ఇంత పట్టింపు నేనెక్కడా చూడలేదు. తినకుండానే దారంతా పళ్ళు పులిసినట్టు ఉండి, కోపం వచ్చింది నాకు.

ఆ వారంలోనే ఏరే కూలీలు దిగారు. మిర్చి పండేసరికి మా వైపు చేతులు చాలవు. అందుకని ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి కోయవాళ్ళు గుంపులుగా వచ్చి, చేన్లలోనే గుడిసెలు వేసుకుని, కాయ అంతా ఏరి వెళ్తారు. మాకు వచ్చిన గుంపు మామిడిచెట్టు కింద దిగింది. కర్రలు పాతి ప్లాస్టిక్ పట్టాలు కప్పుకున్నారు. ఆడవాళ్ళే ఎక్కువ. వాళ్ళందరికీ పెద్ద ఊంగి. నాకంటే కాస్త పెద్దది, పొట్టి మనిషి, ముక్కుకు రెండు పక్కలా పుడకలు. ఆమె లేస్తే అందరూ లేస్తారు, ఆమె వంగితే అందరూ వంగుతారు. ఆమెకు నడక కుదిరీ కుదరని ఒక కూతురుంది. ఆమె మరిది కోస. ఆ గుంపులో తెలుగు ముక్క వచ్చింది అతనొక్కడికే.

అత్తమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని వాళ్ళ ముందు నిలబడి కోయలో మొదలుపెట్టింది. వాళ్ళు వింటున్నారు, చెప్పింది చేస్తున్నారు. నేను ముక్కు మీద వేలేసుకున్నాను. కొద్దిరోజులు విన్న తర్వాత నాకో సంగతి అర్థమైంది. అత్తమ్మకు వచ్చిన కోయ అంతా పని చెప్పే కోయ. రా, పో, తెంపు, తొందరగా, తిను, లే. నీకెట్లా ఉంది, మీ ఊళ్ళో ఎవరున్నారు అని అడగడానికి ఆమె దగ్గర ఒక్క మాట లేదు. నలభై ఏళ్ళుగా అవసరం పడలేదు కాబోలు. నీళ్ళను ఏర్ అంటారని నాకు నేర్పింది మాత్రం ఆమే. రోజూ పొద్దున్నే బోరు వేసి, పక్కన నిలబడి, "ఏర్, ఏర్" అంటూ చెయ్యి ఊపేది. వాళ్ళు బిందెలతో వచ్చి పట్టుకుపోయేవాళ్ళు.

కానీ మనిషి మాత్రం చల్లనిది. మిర్చి ఏరే చేతులు ఎంత మండుతాయో ఆమెకు తెలుసు. అందుకని ప్రతి మధ్యాహ్నం కుండెడు సల్ల చిలికి చేనుకు పంపేది. పంపడమేమిటి, వెనకే తనూ వచ్చేది. వాళ్ళు గ్లాసులు పట్టుకుని నిలబడితే పైనుంచి ధారగా పోసేది, గ్లాసుకు చెంబు తగలకుండా. అట్లా పోయాలని ఎవరూ ఎవరికీ చెప్పింది లేదు, ఎప్పటినుంచో అట్లాగే పోస్తున్నారు. వాళ్ళు ఏనాడూ ఇంకొంచెం అని అడిగేవాళ్ళు కాదు. పోస్తే తాగేవాళ్ళు. సగం తాగి, మిగతా సగంతో చేతులు తడుపుకునేవాళ్ళు.

మొదటి విడత ఏరిన కాయ కల్లంలో ఎండి బస్తాలకెక్కింది. ఉగాదికి ముందు సుదర్శన్ బండి మాట్లాడుకుని వరంగల్ యార్డుకు బయల్దేరాడు. బస్తాలు దించడానికి తోడు ఉంటాడని కోసను తీసుకుపోయాడు. తీరా వెళ్ళాక పండుగ సెలవులొచ్చి బండి లైన్లోనే ఆగిపోయింది. మా ఆయన ఉగాది యార్డు గేటు ముందు, ఎవరి బస్తాల మీదో కూర్చుని చేసుకున్నాడు.

ఇక్కడ అత్తమ్మ మాత్రం తెల్లారకముందే లేచి కొత్త కుండలో పచ్చడి కలిపింది. వేపపువ్వు, కొత్త చింతపండు, బెల్లం, మామిడికాయ ముక్కలు. ఇంటికి కావలసిన దానికంటే చాలా ఎక్కువే కలిపింది.

"చేనుకాడికి గూడ తీస్కపోదాం" అంది. "ఏడు మొదలైతాంది. మన మిర్చి వాళ్ళ చేతులల్లనే ఉండె."

కొత్త చీర కట్టుకుని, కుండ చంకనెత్తుకుని తనే ముందు నడిచింది. నేను గ్లాసులు మోసుకుంటూ వెనక. మామిడిచెట్టు కింద వాళ్ళంతా అంబలి తాగి పనికి లేస్తున్నారు. అత్తమ్మ కుండ దించి గ్లాసుల్లో పోసింది. ఆ రోజు పైనుంచి ధార పోయలేదు. నిండిన గ్లాసు తీసి ఊంగి చేతిలో పెట్టింది. చేతికి చెయ్యి తగిలింది. నేను చూశాను. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను, మా అత్తమ్మ మీద మొదటిసారి గర్వం లాంటిది కలిగింది.

ఊంగి గ్లాసులోకి చూసింది. మామిడి ముక్కలు తేలుతున్నాయి. ఆమె ముఖం మారింది. వెనక్కి తిరిగి తన వాళ్ళతో ఏదో అంది. తర్వాత గ్లాసును మెల్లగా గట్టు మీద పెట్టింది. ఆమె వెనక ఒకరి తర్వాత ఒకరు అందరూ పెట్టేశారు. ఊంగి రెండు చేతులూ జోడించి ఏదేదో చెప్పింది, చాలాసేపే చెప్పింది. ఆమె చెప్పినదాంట్లో అత్తమ్మకు వచ్చిన మాట ఒక్కటీ లేదనుకుంటాను.

"తిను" అంది అత్తమ్మ కోయలో. "తాగు, తాగు."

ఊంగి తల అడ్డంగా ఊపింది. అందరూ సంచులు తీసుకుని చేన్లోకి దిగారు. గట్టు మీద గ్లాసులకు ఈగలు ముసిరాయి.

అత్తమ్మ గ్లాసులన్నీ ఒక్కొక్కటే మట్టిలో వంచింది. ఇంటికి వచ్చి కొత్త చీర విప్పేసి పాతది కట్టుకుంది. పక్కింటి కళావతి పండుగ బువ్వ పట్టుకొచ్చి ఏమైందని అడిగితే అప్పుడు కదిలింది.

"నా చేత్తోని ఇచ్చిన కళావతీ. ఎన్నడన్న ఇచ్చిన్నా? ఇయ్యాల ఇచ్చిన. గట్టు మీద పెట్టి పోయిన్రు."

కళావతి వాళ్ళు మా ఊరి కోయవాళ్ళే. మాతోపాటే ఉగాది చేసుకుంటారు, పచ్చడి తాగుతారు. పొద్దున మా ఇంట్లోనే ఒక గ్లాసు తాగి వెళ్ళింది కూడా. ఆమె ఇంకా ఆశ్చర్యపోయింది.

"మేం తాగుతం గాదక్కా? వాళ్ళకేం రోగం? వాళ్ళ మాట గూడ మా మాట తీరు ఉండది. నాకే సగం సమజ్ కాదు."

ఆమె ఓదార్చడానికే అంది గానీ అది పుండు మీద కారమైంది. కోయవాళ్ళంటే తనకు తెలియనిది లేదనుకున్న మనిషి మా అత్తమ్మ. కోయ మనిషి కళావతే అట్లా అన్నాక, ఇంక వాళ్ళు కావాలనే వద్దన్నారని ఆమె మనసులో గట్టిగా పడిపోయింది.

"ఏడు మొదటి నాడే పచ్చడి మట్టిల పోసిన" అంది నాతో. "ఇగ ఈ ఏడు ఏం బాగుపడ్తది."

మర్నాడు చేనుకు సల్ల పోలేదు. పొద్దున ఊంగి వాళ్ళు బిందెలతో బోరు దగ్గరికి వస్తే, అత్తమ్మ స్టార్టర్ పెట్టె పక్కన కూర్చుని ఉంది. చెయ్యి ఊపలేదు, ఏర్ అనలేదు.

"నా చేతి పచ్చడి పనికిరాలే గని నా బోరు నీళ్ళు పనికస్తయా?" అంది, తెలుగులోనే.

తెలుగు రాకపోతేనేం, గొంతు అందరికీ అర్థమవుతుంది. ఊంగి ఖాళీ బిందె నెత్తిన పెట్టుకుని వెనక్కి తిరిగింది. ఆ రోజు నుంచి వాళ్ళు వాగులోకి దిగి, ఇసుకలో చెలిమ తవ్వుకుని, ఊరిన నీళ్ళు సొరకాయ బుర్రతో తోడుకోవడం మొదలుపెట్టారు. ఎండాకాలం చెలిమలో నీళ్ళు ఊరాలంటే ఎంతసేపు కూర్చోవాలో వాగు పక్క ఊళ్ళవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

నాకు కాలూచెయ్యీ ఆడలేదు. సుదర్శన్‌కు ఫోన్ చేసి కోసతో మాట్లాడించమన్నాను.

"కోస లేడు. బండి కదిలెదాక ఖాళీనే గదా అని ములుగు దిక్కు పోయిండు, ఆడ వాళ్ళ చుట్టాలు ఏరుతాండ్రట. ఫోన్ బంద్ వస్తాంది. ఏమైంది?"

"ఏం కాలే. ఎప్పుడొస్తవ్?"

"యార్డు తెరవాలె గదా. యమునా, వానుందంటాండ్రు. వడగండ్లట. చెట్టు మీద కాయ ఎంతుంది?"

"సగం."

"జర తొందరగ ఏరించు. ఫికర్ చేయకు" అన్నాడు, గొంతు నిండా ఫికర్ పెట్టుకుని. నేనూ ఏమీ లేదన్నట్టే మాట్లాడి పెట్టేశాను.

ఆ సాయంత్రమే యాకయ్య మామ బండి మీద వచ్చాడు. కూలీలను ఒక చేను నుంచి ఇంకో చేనుకు మాట్లాడిపెట్టే మేస్త్రీ అతను. దిగకుండానే, బండి ఆపకుండానే చెప్పాడు.

"బిడ్డా, మీ ఏరెటోళ్ళు రేపు పొద్దుగాల కిషన్ రావు సారు చేనుకు పోతాండ్రు. ట్రాక్టర్ పంపుతానన్నడు సారు."

"మా కాయ సగం చెట్టు మీదనే ఉంది మామా. వానొస్తాంది."

"ఆయిన కాయ గూడ చెట్టు మీదనే ఉంది. ఆడ రేకుల షెడ్డుంది, పక్కనే బోరుంది. నీళ్ళియ్యని కాడ ఎవలుంటరు చెప్పు?"

అతను వెళ్ళాక ఇంట్లోకి వెళ్ళి అత్తమ్మ ముందు నిలబడ్డాను. ఎన్నడూ ఆమె ముందు గొంతు లేపనిదాన్ని, ఆ రోజు లేపాను.

"అత్తమ్మా, పోయి మాట్లాడు. వాళ్ళు పోతె కాయ పోతది. కాయ పోతె నీ కొడుకు మా నాన్న దుకాణంల పొట్లాలు కట్టాలె."

అత్తమ్మ దీపం గూటి వైపు తిరిగి వత్తి ఎగదోసింది.

"నాకు కోయ రాదు" అంది.

ఆ ఇంట్లో ఆ మాట అదే మొదటిసారి వినడం.

పొద్దున్నే నేనే మామిడిచెట్టు దగ్గరికి వెళ్ళాను. ఏం చెప్పాలో తెలీదు, ఏ భాషలో చెప్పాలో అసలే తెలీదు. ఊంగి వాళ్ళు ప్లాస్టిక్ పట్టాలు విప్పేసి మడతపెడుతున్నారు. గిన్నెలు, గొంగళ్ళు మూటలకెక్కుతున్నాయి. తూర్పున మబ్బు కమ్ముకుంటోంది. నన్ను చూసి ఊంగి తల పంకించింది, కోపంగా కాదు. ఇంటికి వచ్చిన చుట్టం వెళ్ళిపోయేటప్పుడు చూసినట్టు చూసింది. నేను నా పాత నవ్వు నవ్వబోయి, అదీ రాక ఒక పక్కన నిలబడ్డాను.

ఒక గాలి విసిరింది. చెట్టు మీద నుంచి మామిడికాయలు రాలాయి. ఊంగి కూతురు తప్పటడుగులు వేస్తూ వెళ్ళి ఒక కాయ రెండు చేతులతో పట్టుకుని నోటి దగ్గరికి తెచ్చుకుంది. ఊంగి చేతిలో మూట వదిలేసి వెళ్ళింది. పిల్ల మణికట్టు పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, కాయ తీసుకుంది. తన చీర కొసతో పిల్ల అరచేయి తుడిచింది. కాయను పారేయలేదు. చెట్టు మొదట్లోకి తీసుకెళ్ళి పెట్టింది.

అప్పుడు చూశాను. పట్టాలు తీసేయడంతో బయటపడింది, చెట్టు మొదట్లో మోకాలెత్తు కుప్ప. అడుగున ఎండి నల్లబడిన పిందెలు, వాటి మీద వడలిపోయిన లేత కాయలు, పైన ఆ పొద్దు రాలిన పచ్చి కాయలు. చెట్టు కిందే తిని, చెట్టు కిందే పడుకుని, ఉత్త అంబలితో ఇన్నాళ్ళు గడిపిన మనుషులు ఒక్క కాయ కొరకలేదు.

నా మణికట్టును మళ్ళీ ఎవరో పట్టుకున్నట్టయింది.

ఇంటికి నడిచానో ఉరికానో గుర్తులేదు. అత్తమ్మ వసారాలో సల్ల చిలుకుతోంది. ఆ రెండు రోజులూ చిలకడం మానలేదు, పంపడమే మానింది. మా బర్రె కుడితిలో సల్ల తాగి తాగి మత్తుగా పడుకుని ఉంది.

"అత్తమ్మా, మామిడిచెట్టు దాక రా."

"నేన్ రాను."

"ట్రాక్టర్ రాకముందే రా. ఒకటి చూపెడ్త. చూసినంక నీ ఇష్టం, నేనేమన్న అంటే అడుగు."

గొణుక్కుంటూనే లేచింది. దారి పొడుగునా వాళ్ళనూ, నన్నూ, యార్డు సెలవులనూ, మధ్యలో కిషన్ రావునూ తిట్టింది. చెట్టు దగ్గరికి వచ్చాక నేను ఏమీ చెప్పలేదు. కుప్ప వైపు చూపించాను, అంతే. అత్తమ్మ వంగి అడుగు నుంచి ఒక ఎండు పిందె తీసింది. తిప్పి చూసింది. ఇంకోటి తీసింది. పైనుంచి పచ్చిది ఒకటి తీసింది. ఎక్కడైనా పంటి గాటు ఉందేమోనని వెతుకుతోందని నాకు అర్థమైంది.

పచ్చి కాయ చేత్తో పట్టుకుని ఊంగి వైపు తిరిగింది. కాయ చూపించి, తన నోరు చూపించి, కనుబొమలెగరేసింది. ఊంగి దగ్గరికి వచ్చింది. చిన్నపిల్లకు చెప్పినట్టు నిదానంగా ఒకే మాట అంది.

"పండుం."

తర్వాత చెయ్యెత్తి అడవి అవతల తమ ఊరి దిక్కు చూపించింది. రెండు చేతులూ దోసిలి పట్టి పైకెత్తి, కిందికి దించి, అప్పుడు నోటికి తెచ్చుకుంది. పండుం అంటే పండుగని మా ఊళ్ళో నాక్కూడా తెలుసు.

అత్తమ్మ అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది.

"వీళ్ళకింకా ఉగాది రాలే యమునా" అంది. చేతిలో కాయను తిప్పుతూ మళ్ళీ అంది. "నీ చేతిలకెల్లి గుంజుకున్నది నేనే. వాళ్ళ చేతిల పెట్టింది గూడ నేనే."

వాగు దాటుతూ ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. యాకయ్య మామ డ్రైవర్ పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని వస్తున్నాడు. ఆడవాళ్ళు మూటలు నెత్తికెత్తుకోవడానికి వంగారు. అత్తమ్మ వాళ్ళ వైపు చూస్తూ పెదాలు కదిపింది, ఏమీ రాలేదు. తప్పయిందని చెప్పడానికి కోయలో ఏమంటారో ఆమెకు తెలియదు. తెలిసిందల్లా ఆ నాలుగు పని మాటలే. ఆమె కళ్ళు ఊంగి పక్కన ఉన్న బిందె మీద పడ్డాయి. చెలిమ నీళ్ళ బిందె.

చెయ్యి చాపింది.

"ఏర్" అంది.

ఊంగికి మొదట అర్థం కాలేదు. బిందె వైపు చూసింది, అత్తమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది. నేను తల ఊపాను. అప్పుడు సొరకాయ బుర్రలోకి నీళ్ళు వంచి, తను తాగే బుర్రే, అత్తమ్మ చేతికిచ్చింది. అత్తమ్మ దాన్ని పైకెత్తి పోసుకోలేదు. మూతికి ఆనించి తాగింది. నీళ్ళు మసక మసకగా ఉన్నాయి, అడుగున ఇసుక ఉండి ఉంటుంది. ఎక్కడా ఆగకుండా మొత్తం తాగి, మూతి తుడుచుకుని, బుర్ర తిరిగి ఇచ్చింది.

ట్రాక్టర్ అప్పటికే వచ్చి ఆగింది. యాకయ్య మామ దిగడం మరిచిపోయి చూస్తున్నాడు.

"అక్కా, మరి వీళ్ళు..." అన్నాడు చివరికి.

"నన్నెందుకడుగుతానవ్? వాళ్ళను అడుగు" అని అత్తమ్మ నా వైపు తిరిగింది. "యమునా, సల్ల చేసిన. పోయి పట్కరా. బోరు వేసి రా."

నేను కదిలేసరికి ఊంగి తన మూట ముడి విప్పుతోంది. మిగిలినవాళ్ళు ఆమెను చూసి తమ ముడులు విప్పుతున్నారు. నేను గట్టు మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని కాసేపు ఏడ్చి, ఆ తర్వాత సల్లకు వెళ్ళాను.

ఇక ఏరడమంటే అదీ ఏరడం. అత్తమ్మ కూడా సంచి కట్టుకుని సాలులోకి దిగింది. ఆమె చేన్లో వంగి ఎన్నేళ్ళైందో. ఊంగి ఒక సాలు, పక్క సాలు ఈమె. మధ్యాహ్నానికి చేతులు మండి ఆమే ముందు సల్ల కుండ దగ్గరికి వచ్చేది. కళావతి సంగతి తెలుసుకుని, నాలుక కరుచుకుని, తన ఇంటి ఆడవాళ్ళను వెంటబెట్టుకొచ్చింది. మబ్బు రోజూ వచ్చి మమ్మల్ని బెదిరించి వెళ్ళేది. చివరి సంచి కల్లంలో గుమ్మరించిన సాయంత్రం ఇంక బెదిరించలేదు, కురిసింది.

ముందు గాలి వచ్చింది. టార్పాలిన్లు కప్పి రాళ్ళు పెడితే రాళ్ళను కూడా లేపే గాలి. ఊంగి ఏదో అరిచింది. వాళ్ళంతా పరుగెత్తి వెళ్ళి టార్పాలిన్ అంచుల మీద కూర్చున్నారు. అర్థమై మేమూ కూర్చున్నాం. వాన దంచింది, మధ్యలో కాసిన్ని వడగండ్లు నెత్తిన పడ్డాయి. ఎర్ర కాయ కుప్ప చుట్టూ మేమంతా తలలు వంచుకుని, ఒకరి భుజం ఒకరికి ఆనించుకుని కూర్చున్నాం. ఊంగి కూతురు అత్తమ్మ చీరలో దూరి ఉంది.

వాన పలచబడుతుండగా రోడ్డు మీద నుంచి సుదర్శన్ తడుచుకుంటూ వచ్చాడు, వెనకాల కోస. యార్డు తెరిచారు, సరుకు పోయింది, కానీ వాన చూసి దారంతా ప్రాణం అరచేతిలో పెట్టుకుని వచ్చాడట. కల్లం ముందు ఆగి మమ్మల్ని చూశాడు. నేను కొంచెం జరిగి అంచు ఎత్తాను. అతను మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి లోపలికి పెట్టి కాయను కదిపాడు. గలగలమంది. ముందు రోజుల్లో ఏరి ఎండబోసిన కాయ, తడి తగలకుండా చేసే చప్పుడు. ఇంకోసారి కదిపి విన్నాడు. అట్లాగే బురదలో కూర్చుని నవ్వాడు, చాలాసేపు నవ్వాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఘన్‌పూర్ మాట ఎవరూ ఎత్తలేదు.

వెళ్ళిపోయే రోజు కోస అత్తమ్మకు తెలుగులో అంతా వివరంగా చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో మామిడి పండుం జరిగేదాకా కాయ ముట్టరట, ఊరి పెద్ద చెప్పిన రోజున దేవుడికి పెట్టాకే తింటారట, ముందు తింటే ఊరికే కీడట.

"మాకు తెలుసులే" అంది అత్తమ్మ, ఏనాటినుంచో తెలిసినట్టు. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

కానీ ఊరంతా మామిడికాయ తొక్కు పెడుతుంటే మా ఇంట్లో మాత్రం జాడీలు ఖాళీ. వాగు ఒడ్డు చెట్టు కాయ తెంపనివ్వలేదు ఆమె. సుదర్శన్ అడిగి చూశాడు.

"మనం ఉగాది చేసుకున్నం గదనే అవ్వా?"

"మనది మనం చేసుకున్నం. ఆ చెట్టు కింద ఉన్నోళ్ళది కాలే. కానియ్యి."

కాయలు కళ్ళముందే ముదిరాయి. నేను వాటి కింద నుంచి గుటకలు మింగుతూ తిరిగాను.

ఎండలు బాగా ముదిరాక ఒక మధ్యాహ్నం మేడారం రోడ్డు మీద బస్సు ఆగింది. ఊంగి దిగింది, చంకలో పిల్ల, నెత్తిన ఆకుల గంప. పని లేదు, మిర్చి లేదు, ఊరికే వచ్చింది. ఆ వైపు నుంచి మా ఇంటికి ఎవరైనా ఊరికే రావడం అదే మొదలు. అత్తమ్మ గబగబా లేచి నిలబడింది. చుట్టం వస్తే అనే మాట వెతుక్కుని, దొరక్క, తనకు వచ్చిందే అంది.

"రా" అంది.

ఊంగి వసారాలోకి వచ్చి గంప దించింది. దాన్నిండా వాళ్ళ చెట్ల మామిడికాయలు. ఒకటి తీసి అత్తమ్మ చేతిలో పెట్టింది, ఇంకోటి నా చేతిలో. అత్తమ్మ కళ్ళకద్దుకుని కొరికింది. పులుపుకు ఒక కన్ను మూసుకుపోయింది. నేను కొరికినప్పుడు ఎవరూ నా మణికట్టు పట్టుకోలేదు. ఊంగి కూతురు ఒక కాయను రెండు చేతులతో పట్టుకుని గడ్డం మీదుగా రసం కారుస్తూ కొరుకుతోంది. దాన్నీ ఎవరూ ఆపలేదు.

ఊంగి గోడకు ఆనుకుని కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. ఎండన పడి వచ్చిందేమో, ఊపిరి తీసుకుంది. చేన్లో అన్నాళ్ళూ పోస్తే తాగింది తప్ప ఏదీ అడగని మనిషి, అత్తమ్మ వైపు చూసి చెయ్యి చాపింది.

"అవ్వా, సల్ల."

అత్తమ్మ ఒక్క క్షణం ఆమెను చూసి, చెంబు కోసం లేచింది. లోపలికి వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగి నాతో అంది.

"చూసినవా, తెలుగు ఎంత మంచిగస్తాందో ఆమెకు."